తూకం వేసి చేతులు దులుపుకుంటే ఎలా?

సంపాదకుడికి,

పిల్లల ఊబకాయం మీద ఈమధ్య మీరు వేసిన కథనం చదివాను. 2022 నాటికి ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల వయసువాళ్లలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారని, వాళ్లలో 16 కోట్ల మందిది ఊబకాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందుకే బడుల్లో పిల్లల బరువు తప్పనిసరిగా చూడాలని మీరు రాశారు. చూడటం చాలాచోట్ల ఇప్పటికే జరుగుతోంది. నా బాధంతా ఎలా చూస్తున్నారు, చూశాక ఏం చేస్తున్నారు అన్నదాని గురించే.

వ్యాయామ ఉపాధ్యాయురాలిగా బరువు చూసే రోజు రిజిస్టర్ పట్టుకునేది నేనే. తరగతి అంతా వరుసలో నిలబడుతుంది. ఒకరు అంకె చదువుతారు, ఇంకొకరు రాసుకుంటారు. లావుగా ఉన్న పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి జరుగుతూ వరుస చివరికి చేరతారు. బూట్లు, బెల్టు, ఆఖరికి జేబులోని పెన్ను కూడా తీసి పక్కన పెట్టి ఎక్కుతారు. వెనక నుంచి నవ్వు వినబడుతుంది. సాయంత్రానికి కార్డు మీద 'బరువు తగ్గాలి' అన్న ముక్కతో ఇంటికి పోతారు. అంతే, మళ్లీ ఏడాది దాకా ఎవరూ అడగరు.

అసలు ఆ ముక్క రాయడానికి పెద్దవాళ్ల పట్టిక చూసేవాళ్లున్నారు. ఆరేళ్ల బాబు 115 సెంటీమీటర్ల ఎత్తు, 25 కిలోల బరువు ఉంటే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, దాదాపు 19. పెద్దల లెక్కలో అది నిక్షేపంగా ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయసువారీ చార్టులో మాత్రం ఆ బాబు ఊబకాయం గీత దాటేశాడు. అదే 19 పదిహేనేళ్ల కుర్రాడికి మామూలే. ఆడపిల్లలకు, మగపిల్లలకు చార్టులు వేరు. పైగా ఒక్కసారి కొలిస్తే తెలిసేది కొంతే. ఏటా ఒక చుక్క పెట్టి, గీత ఎటు పోతోందో చూడాలి.

ఎత్తును అసలు పట్టించుకోరు. బరువు పెరుగుతూ ఎత్తు కూడా బాగా పెరుగుతుంటే హార్మోన్ల జబ్బు ఉండే అవకాశం తక్కువ. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిందంటే మాత్రం థైరాయిడ్ లాంటివి చూడమని డాక్టర్లు చెబుతారు. స్టెరాయిడ్ల వంటి మందుల వల్ల కూడా బరువు పెరగొచ్చు. ఇక మెడ వెనక నల్లటి మందపాటి చారను మట్టి అనుకుని తల్లులు రోజూ రుద్ది రుద్ది కడుగుతుంటారు. అది మట్టి కాదు, చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. రాత్రి గురక, క్లాసులో కునికిపాట్లు, మోకాలి నొప్పి, తోటివాళ్ల వెక్కిరింతలు... ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సినవి. ఏ తూకం యంత్రమూ చెప్పదు.

'ఎదిగితే అదే తగ్గుతుంది' అన్న మాట బంధువులే కాదు, చదువుకున్నవాళ్లూ అంటారు. వేచి చూడొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2023లో స్పష్టంగానే చెప్పింది. 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు కుటుంబంతో ముఖాముఖి కూర్చుని అలవాట్ల మీద పనిచేయాలంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకు అవసరాన్ని బట్టి మందులు కూడా ఇవ్వొచ్చంది. 26 గంటలెక్కడ, కార్డు మీద రెండు ముక్కలెక్కడ! అందరూ బరువు తగ్గాలనీ కాదు. ఎదిగే చిన్నపిల్లల్లో చాలామందికి బరువు అక్కడే నిలబడి ఎత్తు పెరిగితే చాలు. ఇది తెలియక తల్లిదండ్రులు పిల్లల కంచం లాగేస్తారు, వాళ్లు చాటుగా తినడం నేర్చుకుంటారు. ఇంట్లో అందరి తిండీ, నిద్ర వేళలూ మారకుండా ఒక్క పిల్లాడికే ఆంక్షలు పెడితే ఆ టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

బడుల్లో కావలసింది పెద్ద ఖర్చేమీ కాదు. ఒక తెర అడ్డం కట్టి, ఒక్కొక్కరినే పిలిచి, అంకె పైకి చదవకుండా రాసుకోవాలి. ఎత్తు కూడా సరిగా కొలవాలి. చార్టు కాపీని కవర్లో పెట్టి తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలి. ఏ ఆసుపత్రిలో, ఏ రోజు, ఎవరిని కలవాలో అందులో రాసి ఉండాలి. ఆ చివరిది ఆరోగ్య శాఖ పని, మాలాంటి టీచర్ల వల్ల అయ్యేది కాదు. ఈలోగా మీ పత్రిక ఆ వయసువారీ చార్టులు రెండూ పూర్తి పేజీలో అచ్చు వేస్తే, కత్తిరించి స్టాఫ్ రూమ్‌లో అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు