వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: పిండం ఎందుకు నిలవడం లేదో మాకు చెప్పేవాళ్లు కావాలి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఉరవకొండ దగ్గర ఒక పల్లె నుంచి రాస్తున్నాను. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. మా ఆయనకు నాలుగెకరాల మెట్ట ఉండేది. బుడ్డలు (వేరుశనగ) వేసేవాళ్లం. ఇప్పుడు మూడెకరాలే ఉంది. బిడ్డ కోసం తిరిగిన తిరుగుళ్లలో ఆ నాలుగో ఎకరా ఎలా పోయిందో చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

ఇంతకు ముందు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిది చేతికిచ్చి రసీదు తీసుకున్నాను. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మూడోది ఆన్‌లైన్‌లో పెడితే పదకొండు రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, 'మీ వినతి పరిష్కరించబడింది' అని. ఏం పరిష్కారమైందో అర్థంకాక స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆ మెసేజ్ నాలుగైదు సార్లు చదువుకున్నాను. నాకు బిడ్డ పుట్టలేదు మంత్రి గారూ. మా జిల్లాలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రమూ, అంటే ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసి గర్భాశయంలో పెట్టే చోటూ రాలేదు. మరి పరిష్కారమైంది ఏమిటి?

జనాభా తగ్గిపోతోందని, పిల్లల్ని కనాలని మీ ప్రభుత్వ పెద్దలు సభల్లో చెప్తున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలేనని తేలింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న పాత నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీలోనే తీసేశారు. మంచిదే, నేను కాదనను. కానీ ముగ్గుర్ని కనగలిగినవాళ్లకు చెప్పిన ఆ మాట, ఒక్కరి కోసం పదేళ్లుగా ఏడుస్తున్నవాళ్ల చెవిలో ఎలా పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. నాకు పెళ్లయింది 2013లో. మొదటి నాలుగేళ్లు పరీక్షలన్నీ నాకే చేశారు. మా ఆయనకు చేసింది ఐదో ఏడు. దాని గురించి ఎక్కువ రాయను, ఇంట్లో చాలా గొడవలయ్యాయి.

2021లో ఐవీఎఫ్ చేయించుకోవడానికి బెంగళూరుకు వెళ్లాం. మాకు అదే దగ్గర. తెల్లారుజామున బస్సెక్కితే స్కానింగ్ చేయించుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్లం. అండాలు పెరగడానికి వేసుకునే సూదులు చల్లగా ఉండాలి. స్టీలు ఫ్లాస్కులో జ్యూస్ బండివాళ్ల దగ్గర ఐసు ముక్కలు అడిగి వేయించుకుని, ఆ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని వచ్చేదాన్ని. మాకు ఫ్రిజ్ లేదు. పక్కింటి అక్క ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టేదాన్ని. ఆమె ఏం సూదులని అడగలేదు. ఆ మేలు మరచిపోను.

అండాలు తీసే ముందు వేసే చివరి సూది సరిగ్గా రాత్రి తొమ్మిదిన్నరకు పడాలన్నారు. అటూ ఇటూ అయితే లెక్క తప్పుతుంది, ముప్పై ఆరు గంటలకు ఆపరేషన్ థియేటర్‌లో ఉండాలి. ఆ రోజు మా ఊరి ఆర్ఎంపీ డాక్టర్ గుంతకల్లులో పెళ్లికి వెళ్లాడు. మా ఆయన ఫోన్ మీద ఫోన్ చేశాడు. తొమ్మిదీ ఇరవైకి బండి మీద వచ్చాడు, పెళ్లి బట్టలతోనే. అప్పటికే కరెంటు పోయింది. మా అత్త ఫోన్ లైటు పట్టుకుంటే, ఆమె చెయ్యి వణికి ఆ వెలుగు గోడ మీద ఊగుతూనే ఉంది. ఆ టెన్షన్ మీకు మాటల్లో చెప్పలేను. ఒక జిల్లా కేంద్రంలో, ఒక నర్సు చేతిలో, ఐదు నిమిషాల్లో అయిపోవాల్సిన పని అది.

మొదటిసారి పెట్టిన రెండు పిండాలూ నిలవలేదు. ఆ తర్వాతే అసలు ప్రశ్న మొదలైంది. ఎందుకు నిలవలేదు?

నేను పాఠం చెప్పేదాన్ని కాబట్టి కొంచెం తెలుసు. అండం ఫలదీకరణ చెందిన ఐదారు రోజులకు వంద పైచిలుకు కణాల బంతి అవుతుంది. పైనున్న పొరను చీల్చుకుని బయటికొచ్చి గర్భాశయం లోపలి పొరకు అంటుకుని, దానిలోకి చొచ్చుకుపోతుంది. ఆ పొర నెలలో కొద్ది రోజులే పిండాన్ని రానిస్తుంది, మిగతా రోజులు రానివ్వదు. అంటుకోకపోతే అంతే. మా పుస్తకంలో దీనికి రెండు మూడు వాక్యాలే ఉన్నాయి. పిల్లలు రెండు మార్కులకు రాస్తారు. ఏటా ఆ బొమ్మ బోర్డు మీద గీస్తాను. రిజల్టు వచ్చిన వారంలో కూడా గీశాను, వెనక్కి తిరగకుండా చాలాసేపు గీశాను.

1992లో చిట్టెలుకల మీద ఒక ప్రయోగం జరిగింది. ఎల్ఐఎఫ్ అనే ఒకే ఒక్క ప్రోటీన్ తయారుకాని ఆడ ఎలుకల్లో పిండాలు ఏర్పడ్డాయి గానీ గర్భాశయానికి అంటుకోలేదు. అవే పిండాలను తీసి మామూలు ఎలుకల్లో పెడితే నిలిచాయి. అంటే లోపం పిండంలో లేదు, పొరలో ఉంది. ఇది చదివిన రోజు నాకు ఎంత ఆశ కలిగిందో! తర్వాత అదే ప్రోటీన్‌ను మందుగా చేసి, పిండం నిలవని ఆడవాళ్లకు ఇచ్చి చూశారు. ఫలితం లేదని 2009లో తేలింది. ఎలుకలో తెలిసింది మనిషిలో పనికిరాలేదు. మనుషుల్లో ఏం జరుగుతుందో మనుషుల దగ్గరే తెలుసుకోవాలి, అందుకు మేమున్నాం. మా నమూనాలు, మా రికార్డులు, మా ఏళ్లు అన్నీ ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు.

అడిగేవాళ్లు లేనిచోట అమ్మేవాళ్లు ఉంటారు. మొదటిసారి పిండాలు పెట్టడానికి ముందు నెలలో గర్భాశయం పొర మీద సన్నటి గొట్టంతో గీరారు. అలా గీరితే పిండం బాగా పట్టుకుంటుందన్నారు. నొప్పికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఎనిమిది వేలు కట్టాం. ఐదు దేశాల్లో 1,364 మంది ఆడవాళ్ల మీద ఇదే పని చేసి చూసిన పరిశోధన 2019లోనే అచ్చయిందని తర్వాత తెలిసింది. గీరినవాళ్లలో 26.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. గీరనివాళ్లలోనూ సరిగ్గా అంతే, 26.1 శాతం. నాకు గీరింది 2021లో. పని చేయదని తేలి అప్పటికే రెండేళ్లు. ఆ కాగితం తెలుగులో ఒక్క పేజీ నా చేతికి ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ నొప్పీ తప్పేది, ఆ ఎనిమిది వేలూ మిగిలేవి.

రెండోసారి, 2022లో, పొర ఏ రోజు సిద్ధంగా ఉంటుందో చెప్పే జన్యు పరీక్ష అన్నారు. దానికి అరవై వేలు. మా అమ్మ నా పెళ్లికి పెట్టిన గాజులు బ్యాంకులో పెట్టాం. ఆ పరీక్ష చేసి దాని ప్రకారం పిండం పెట్టినా బిడ్డలు ఎక్కువమందికి పుట్టలేదని అదే ఏడాది అమెరికా పరిశోధనలో తేలింది. నాకూ నిలవలేదు. వాళ్లు నన్ను కావాలని మోసం చేశారని అనడం లేదు. వాళ్లకూ ఎందుకు నిలవడం లేదో తెలియదు. తెలియదని చెప్పడానికి మనసొప్పక ఇంకోటి చేసి చూద్దామంటారు. వద్దనే ధైర్యం మాకు ఉండదు. బిడ్డ కోసం వచ్చిన ఆడది దేన్ని వద్దంటుంది?

ఇక్కడ మీరు తప్పకుండా చదవాల్సిన సంగతి ఒకటుంది. రెండుసార్లు పోయాక వేరే డాక్టరమ్మ గర్భాశయం లోపల కెమెరా పెట్టి చూసింది. పొర అక్కడక్కడా అతుక్కుపోయి ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపితే టీబీ అని వచ్చింది. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. గర్భాశయానికి టీబీ వస్తుందని జువాలజీ చదివిన నాకే తెలియదు. మన దేశంలో పిల్లలు పుట్టకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణమని ఆమె చెప్పింది. మంత్రి గారూ, టీబీ నిర్ధారించే యంత్రాలు మీ జిల్లా ఆసుపత్రుల్లో ఉన్నాయి, మందులు మీరు ఉచితంగా ఇస్తున్నారు. కళ్లె పరీక్ష చేస్తారు గానీ, ఏళ్ల తరబడి పిల్లల్లేరని వచ్చే ఆడదానికి ఆ అనుమానం పెట్టుకుని చూసేవాళ్లు లేరు. ఒక్క పరీక్షతో ఇది తేలదని, రెండు మూడు రకాలుగా చూడాలని నాకూ తెలుసు. చూడాలనే ఆలోచన ముందు రావాలి కదా. ఆరు నెలలు మందులు మింగాను. మా ఊరి ఆశా అక్క ఎవరికీ కనబడకుండా సంచిలో కూరగాయల కింద పెట్టుకుని తెచ్చేది. టీబీ అంటే ఒకటి, గొడ్రాలంటే ఇంకొకటి, రెండు మాటలూ నా మీద పడకూడదని. ఆ ఆరు నెలలకు నాకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో నా కళ్లతో చూశాను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, లేకపోతే అడిగేదాన్నే కాదు.

2023 చివర్లో మూడోసారి. పద్నాలుగో రోజు రక్తపరీక్షలో, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా 62 వచ్చింది. నిలిచింది! మా అత్తకు 'పిండం' అనే మాటే గిట్టదు, అది పెద్దల దినాల్లో పెట్టేదమ్మా, నోట అనకు అంటుంది. మా ఇంట్లో మొదట్నించీ 'బిడ్డ' అనే అంటాం. బిడ్డ నిలిచిందని పెన్నహోబిలం నరసింహస్వామికి మొక్కు ముడుపు కట్టింది. రెండు రోజులకు మళ్లీ పరీక్ష. పెరగాల్సింది 30కి పడిపోయింది. నేను నీళ్లోసుకున్నది రెండు రోజులు. ముడుపు ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉంది, విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇదంతా ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయ్యే పని కాదని ఒక అధికారి నాతో అన్నారు. ఆయన పేరు రాయను. కానీ ఆ మాట నిజం కాదు. శాస్త్రీయంగా రికార్డు చేసిన మన దేశపు మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1986 ఆగస్టు 6న పుట్టింది ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో. అది కార్పొరేషన్ ఆసుపత్రి. డాక్టర్ ఇందిరా హిందూజా, పరిశోధకుడు ఆనంద్ కుమార్ కలిసి చేశారు. వైద్యం ఒకరు, పరిశోధన ఒకరు, ఇద్దరూ ప్రజల సొమ్ముతో నడిచే సంస్థల్లోనే. అంతకు ముందు 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా ఒక పాప పుట్టింది. పిండాన్ని ఫ్రీజ్ చేసి తర్వాత పెట్టిన ఆయన మాటను అప్పటి ప్రభుత్వ కమిటీ నమ్మలేదు. బదిలీలు చేశారు, అవమానించారు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన చెప్పింది నిజమేనని తర్వాత ఆనంద్ కుమారే లోకానికి చెప్పారు. అధికారులు వినకపోతే ఎంత పోతుందో ఇంతకంటే చెప్పలేను. పక్క తెలంగాణలో 2023లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. మన దగ్గర ఎందుకు కాదు?

నేను అడిగేవి ఇవి. సీమలో ఒక్కచోటైనా, అది అనంతపురమైనా కడపైనా కర్నూలైనా సరే, ప్రభుత్వ కేంద్రం పెట్టండి. భవనం కట్టి రిబ్బన్ కత్తిరించి వదలొద్దు, ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్ట్ పోస్టు ముందు నింపండి. ఆ మనిషి లేకపోతే మిగతాదంతా వృథా. కేంద్రం వచ్చేదాకా కనీసం సూదులు, స్కానింగులు జిల్లా ఆసుపత్రిలో చేయించండి, నెలకు ఆరేడు సార్లు బెంగళూరు తిరగలేం. ఆరోగ్య కార్డు మీద ఒక్కసారికైనా ఈ చికిత్స ఇవ్వండి. పదే పదే పిండం నిలవని ఆడవాళ్ల వివరాలు, నమూనాలు తీసుకుని మెడికల్ కాలేజీల్లో పరిశోధన మొదలుపెట్టించండి, నా రిపోర్టుల ఫైలు మొత్తం ఇచ్చేస్తాను. ఏ పరీక్షకు రుజువు ఉంది, దేనికి లేదు అనేది తెలుగులో అచ్చువేయించి ప్రతి ప్రైవేటు సెంటర్ గోడ మీదా పెట్టించండి. సంతకం పెట్టించుకునే కాగితాలు తెలుగులో ఉండాలి. నేను పెట్టిన సంతకాలన్నీ ఇంగ్లిష్ కాగితాల మీదే, చదువుకున్న నాకే సగం అర్థం కాలేదు. నా పక్క మంచం మీద రాయదుర్గం నుంచి వచ్చిన చెల్లెలు వేలిముద్ర వేసింది. ఆమెకు ఏం చెప్పారో ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

మళ్లీ అడుగుతున్నాను, సీమలో ఒక కేంద్రం పెట్టండి.

నాది ఇంకొక్క పిండం మిగిలింది. బెంగళూరులో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ట్యాంకులో ఉంది. 2021 చట్టం ప్రకారం పదేళ్ల దాకా దాచుకోవచ్చు. చట్టం పదేళ్లిచ్చింది గానీ నా ఒళ్లు అన్నేళ్లు ఆగదు, నాకు ముప్పై ఆరు నిండాయి. దాన్ని ఏటా దాచినందుకు ఫీజు వచ్చే నెల ఇరవయ్యో తేదీలోపు కట్టాలి. ఈసారి బుడ్డలు పోయాయి, అయినా చీటీ పాడి కడతాను. అది పెట్టించుకునే ముందు పొర ఎందుకు పట్టుకోవడం లేదో చూసి చెప్పే ఒక ప్రభుత్వ డాక్టరు దగ్గరికి నన్ను పంపండి. మెసేజ్ వద్దు మంత్రి గారూ. ఎక్కడికి రావాలో, ఎవర్ని కలవాలో రెండు వాక్యాలు రాయించండి, ఏ రోజైనా సెలవు పెట్టి వస్తాను.

ఇట్లు,
మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ,
ఒక జువాలజీ లెక్చరర్,
ఉరవకొండ మండలం, అనంతపురం జిల్లా