గొంతు వాడుకున్నాక పేరు వేయడానికి ఏమైంది?

సంపాదకులు గారికి,

బతుకమ్మ దగ్గర పడుతోందంటే మా హాలియా వైపు డీజే వాళ్లకు ఊపిరాడదు. వాళ్ల మీద నాకు కోపమేమీ లేదు. మన పిల్లలు ఈమధ్య చేస్తున్న మిక్సుల్లో కొన్ని నిజంగా బాగుంటున్నాయి. మొదట చాలాసేపు గాలి వీచినట్టు సన్నటి సౌండ్, తర్వాత మెల్లగా బీట్, దాని మీద ఒక పల్లె గొంతు. నా బాధంతా ఆ గొంతు గురించే.

మా ఊళ్లో నాట్లకు పోయే ఒక పెద్దామె పాటను ఎవరో పిల్లగాడు ఒడ్డు మీద నిలబడి ఫోన్‌లో రికార్డు చేసుకుపోయాడు. కొన్నాళ్లకు అది మిక్స్ అయి యూట్యూబ్‌లోకి వచ్చింది. చెవి పెట్టి వింటే ఆమె మధ్యలో దమ్ము తీసుకోవడం, వెనక బోరు మోటారు చప్పుడు కూడా తెలుస్తాయి. స్క్రీన్ మీద మాత్రం పెద్దక్షరాల్లో డీజే పేరు, పక్కన ఎవరో మోడల్ ఫొటో. ఒక పెళ్లి బరాత్‌లో అది మోగుతుంటే "గిది నా గొంతు లెక్కనే ఉన్నది గదనే" అని ఆమె నన్నే అడిగింది.

జానపదానికి ఓనర్ ఎవరు, అది అందరిదీ అంటారు మిక్స్ చేసేవాళ్లు. పాట అందరిదే, కాదనను. పాడిన గొంతు ఆమెది. కాపీరైట్ చట్టం కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తుంది. పాట కట్టిందెవరో తెలియకపోయినా పాడినవారికి ప్రదర్శకుల హక్కు ఉంటుంది, అది 50 ఏళ్లు నడుస్తుంది. ఆ చట్టం లెక్కన గారడీ చేసేవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ప్రదర్శకులే. మరి నాటేస్తూ పాడే ఆమె కాదా? పాడింది నేనేనని పేరు వేయించుకునే హక్కును 2012 సవరణలో చేర్చారు కూడా.

ఈ తరహా సంగీతం పుట్టిన దేశాల్లో ఈ పంచాయితీ ఎప్పుడో నడిచింది. 1992లో వచ్చిన ఫ్రాన్స్ బృందం డీప్ ఫారెస్ట్ ఆల్బంలో ఒక జోలపాట ఉంది. సోలమన్ దీవుల్లో అఫునాక్వా అనే ఆమె పాడితే పరిశోధకుడు హ్యూగో జెంప్ 1970లో రికార్డు చేసిన గొంతు అది. ఆల్బం లక్షల్లో అమ్ముడైంది, దాని మీద ఆమె పేరు లేదు. ఎనిగ్మా అనే మరో బృందం చేసిన 'రిటర్న్ టు ఇన్నోసెన్స్' పాటలో వినిపించేది తైవాన్‌లోని ఆమిస్ తెగకు చెందిన డిఫాంగ్, ఇగే అనే వృద్ధ దంపతుల పాట. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారానికి కూడా దాన్ని వాడుకున్నారు. ఆ దంపతులు 1998లో కోర్టుకెక్కితే, మరుసటి ఏడాది రాజీ కుదిరాక గానీ పేర్లు వేయడానికి ఒప్పుకోలేదు. కెనడా బృందం డెలీరియం 1997 ఆల్బం 'కర్మ'లో అతిథిగా పాడిన సారా మెక్‌లాక్లాన్‌కు ఆ తిప్పలేవీ లేవు, పాట పక్కనే ఆమె పేరుంది. అప్పటికే పేరున్న గాయని కదా!

బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ. సర్కారు ఖర్చుతో పెట్టే వేదికల మీద కూడా ఇవే మిక్సులు మోగుతున్నాయి. పాడినవారి పేరు లేని మిక్స్ అక్కడ వేయొద్దని డీజేలకిచ్చే ఆర్డర్‌లోనే ఒక లైన్ రాయించాలని భాషా సాంస్కృతిక శాఖ వారిని కోరుతున్నాను. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. విద్యార్థులను ఊళ్లకు పంపి, పాడేవాళ్ల పేరు, ఊరుతో సహా పాటలు రికార్డు చేయించి పెడితే, గొంతు ఎవరిదో తెలియదనే సాకు చెల్లదు.

వ్యూస్ మీద వచ్చే డబ్బులో వాటా ఎంత అనేది తేల్చడం కష్టమే. కానీ రికార్డు చేసేటప్పుడే ఒక కాగితం రాసుకుని, కనీసం ఆ రోజు కూలికి తగ్గకుండా చేతిలో పెట్టొచ్చు. బాక్సులకు రాత్రికి ఎంత తీసుకుంటారో మనకు తెలియంది కాదు.

ఇప్పటికే పెట్టిన వీడియోల కింద పేరు చేర్చడం ఫోన్‌లో అయిపోయే పని. ఎంగిలిపూల బతుకమ్మ లోపు డీజే తమ్ముళ్లు అదొక్కటి చేసినా సంతోషం.

— ఒక పాఠకురాలు, హాలియా, నల్లగొండ జిల్లా