లారిక్ ఆమ్లం పేరుతో కొబ్బరికి లేని గొప్ప అంటగట్టవద్దు

సంపాదకులకు,

పరగడుపున రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె తాగితే అందులోని లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఒంట్లోని కొవ్వును కరిగిస్తుందనీ, మధుమేహాన్నీ గుండెజబ్బునూ దరిచేరనివ్వదనీ మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని మా అంబాజీపేటలో ఒక వ్యాపారి కత్తిరించి కొట్టు ముందు అతికించుకున్నారు. నేను మూడెకరాల కొబ్బరి తోట ఉన్న రైతును. కాయ ధర పడిపోయి దింపు కూలి కూడా గిట్టని ఏడాదులు చూసినవాణ్ణి కనుక, కొబ్బరికి గిరాకీ పెంచే మాట ఏదైనా నా చెవికి ఇంపుగానే ఉండాలి. కానీ ఇలాంటి మాటే నమ్మి, మధుమేహం ఉన్న మా ఇంటి మనిషి ఒకరు నాలుగు నెలలు నూనె తాగి, రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ పెరిగిందని తెలిశాక మానుకున్నారు. ఒక్కరి అనుభవం రుజువు కాదని తెలుసు. అందుకే ఈ విషయం కాస్త శ్రద్ధగా చదివాను.

బరువు తగ్గుతుందన్న మాట పుట్టింది మధ్యస్థ గొలుసు కొవ్వు ఆమ్లాల మీద, అంటే కార్బన్ల వరుస ఓ మోస్తరు పొడవున్నవాటి మీద జరిగిన ప్రయోగాల నుంచి. వాటిలో ఎనిమిది, పది కార్బన్లున్న ఆమ్లాలు పేగుల నుంచి నేరుగా కాలేయానికి చేరి త్వరగా ఖర్చవుతాయి. బరువు కొద్దిగా తగ్గినట్టు కనిపించిన ప్రయోగాల్లో చాలావరకు వాడింది ఆ రెండింటినీ ప్రత్యేకంగా వేరుచేసి తయారుచేసిన నూనె. లారిక్ ఆమ్లానికి కార్బన్లు పన్నెండు. రసాయనశాస్త్రం దాన్ని కూడా ఆ వరుసలోనే కూర్చోబెట్టినా, ఒంట్లోకి వెళ్లాక దానిలో ఎక్కువ భాగం పొడవాటి గొలుసు కొవ్వుల దారినే, అంటే శోషరస (లింఫ్) నాళాల గుండా రక్తంలో కలుస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం ఈ లారిక్ ఆమ్లమే. ఎనిమిది, పది కార్బన్లవి రెండూ కలిపినా సుమారు 15 శాతానికి మించవు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, వాటి మీద వచ్చిన ఫలితాన్ని దీని పేరున రాసుకుంటున్నారు.

కొబ్బరినూనెను ఇతర వంటనూనెలతో పోల్చిన 16 ప్రయోగాలను కలిపి పరిశీలించి, 2020లో ‘సర్క్యులేషన్’ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. కొబ్బరినూనె వాడినవారిలో చెడు కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు, మంచిది సుమారు 4 మిల్లీగ్రాములు ఎక్కువగా ఉన్నాయి. ఒంటి కొవ్వులో గాని, రక్తంలోని చక్కెరలో గాని చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మంచిది కూడా పెరిగింది కదా అని మీ వ్యాసకర్త సర్దిచెప్పారు. మంచి కొలెస్ట్రాల్‌ను పెంచిన కొన్ని మందులు గుండెపోట్లను ఆపలేకపోయాయన్న సంగతి మాత్రం ప్రస్తావించలేదు.

లెక్క వేసినా తేలిపోతుంది. కొబ్బరినూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వే. అది తిండి నుంచి వచ్చే మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనూ చెప్పింది; రోజుకు 2,000 కిలోకేలరీలు తినేవారికి అది దాదాపు 22 గ్రాములు. ఆ రెండు చెంచాల నూనెతోనే ఆ హద్దు దాటిపోతుంది, పైగా 240 కిలోకేలరీలు అదనం. అన్నం, కూర, పెరుగు ఇంకా మొదలే కాలేదు.

పసిఫిక్ దీవులైన టోకెలావు, పుకపుకాల ప్రజలు కొబ్బరి విస్తారంగా తిన్నా గుండెజబ్బులు అరుదుగా ఉండేవని 1981లో వెలువడిన అధ్యయనాన్ని వ్యాసంలో ఉదహరించారు. నిజమే, కానీ వారు తిన్నది చేపలతో కలిపి కొబ్బరికాయను, సీసాలోని నూనెను కాదు. పంచదార కూడా తక్కువే. మా పెద్దలూ పచ్చడిలో, కూరలో కోరుగానే కొబ్బరి తిన్నారు. మా ఇంట్లో పోపు నువ్వులనూనెతోనో వేరుశనగ నూనెతోనో పడేది, కొబ్బరినూనె తలకు రాసుకునేవారు. ఆ పచ్చడి మానుకోమని నేననడం లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల చేత ఈ విషయంపై ఒక వివరణ రాయించి, అదే పేజీలో, అంతే స్థలంలో ప్రచురించాలని కోరుతున్నాను. కొబ్బరి రైతుకు మేలు చేయాలన్న ఉద్దేశమే మీకుంటే కురిడీ ధర గురించీ, పీచు పరిశ్రమ గురించీ రాయండి. ఆ వివరణ వస్తే కత్తిరించి, కొట్టు ముందున్న కాగితం పక్కనే అతికించమని ఆ వ్యాపారిని నేనే అడుగుతాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
అంబాజీపేట మండలం, కోనసీమ