ఎత్తు సంగతి ముందే చెప్పాలి

సంపాదకులకు,

మే నెలలో మా ఆవిడతో కలిసి సిక్కిం వెళ్లాను. మంచు కరిగి నిండే గురుదోంగ్మార్ సరస్సు సుమారు 17,800 అడుగుల ఎత్తున ఉంటుంది. దారిలో కింద ఉన్న లాచెన్ అనే ఊళ్లో ఒక్క రాత్రి ఉంచి, తెల్లారకుండానే జీపెక్కించారు. పైకి వెళ్లేసరికి గుంటూరు నుంచి తీసుకెళ్లిన కారప్పూస ప్యాకెట్ బూరెలా ఉబ్బింది. మా ఆవిడ తలపోటుతో జీపు దిగనే లేదు. నీళ్లు మాత్రం అచ్చం నెమలికంఠం రంగు! టెన్షన్‌తో పది నిమిషాలు కూడా నిలబడి చూడలేకపోయాను.

డబ్బు కట్టించుకున్న ఇక్కడి ఏజెంటు స్వెటర్ల గురించి పదిసార్లు చెప్పాడు. అక్కడ పీల్చే ఆక్సిజన్ మన ఊళ్లో దానిలో దాదాపు సగమేనని ఒక్కసారీ చెప్పలేదు. 60 దాటినవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలని, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడేందుకు మధ్యలో ఇంకో రాత్రి ఆగాలని బుకింగ్ కాగితం మీదే తెలుగులో అచ్చువేయాలి.

– రిటైర్డ్ లెక్కల మాస్టారు, బ్రాడీపేట, గుంటూరు