‘బాగుంది’ అంటే సరిపోదు

సంపాదకుడికి,

బడిపిల్లలకు వ్యక్తిత్వ వికాస తరగతి పెట్టడం, చివర్లో ‘బాగుందా?’ అని కాగితం పంచడం, అందరూ బాగుందన్నారని నివేదిక రాయడం: చాలాచోట్ల మూల్యాంకనమంటే ఇంతే. అది ఎందుకు సరిపోదో ఒక పాత ప్రయోగం చెబుతుంది. బాలురు నేరాల బాట పట్టకుండా ఆపాలని అమెరికాలో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ పథకంలో 506 మంది బాలురను జతలు చేసి, ప్రతి జతలో ఒకరికే (ఎవరికన్నది నాణెం ఎగరేసి తేల్చారట!) సలహాదారు సాయం అందించారు. ముప్పై ఏళ్ల తరువాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ వారిని వెతికి పట్టుకున్నారు. సాయం పొందినవారిలో ఎక్కువమంది మేలు జరిగిందనే చెప్పారు. రికార్డులు మాత్రం ఒప్పుకోలేదు. మళ్లీ నేరం చేయడంలో, మద్యానికి బానిస కావడంలో సాయం అందనివారికన్నా వారి పరిస్థితే అధ్వానంగా తేలింది. ఈ చేదు ఫలితాన్ని ఆమె 1978లో దాచకుండా ప్రచురించారు.

మన విద్యాశాఖలు కూడా కొత్త కార్యక్రమం అందని బడులతో పోల్చిచూసే ఏర్పాటు మొదటి రోజే చేయాలి. ఆ లెక్కను శిక్షణ ఇచ్చే సంస్థకే అప్పగించవద్దు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు