కాలవ నీళ్లు పోసిన బండితో మంచుకొండలకా?

సంపాదకులు గారికి,

సంక్రాంతి సెలవుల్లో సొంత కారులో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్లిరావడం గురించి మీ ఆదివారం సంచికలో రాసిన వ్యాసంలో స్వెట్టర్ల దగ్గర్నుంచి కెమెరా దాకా అన్నీ చెప్పారు. బండి విషయానికొచ్చేసరికి ‘సర్వీసింగ్ చేయించుకోండి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. కోనసీమలోనైనా భీమవరంలోనైనా మామూలుగా చేసే సర్వీసింగ్ మన ఎండలకు సరిపోయేది. జనవరి రాత్రుల్లో స్పితిలోని ముఖ్య ఊరు కాజాలో మైనస్ 20 డిగ్రీలు పడటం మామూలే. బండి షెడ్డుకిచ్చేటప్పుడే ఎక్కడికెళ్తోందో చెప్పి కొన్ని పనులు విడిగా చేయించుకోవాలి.

అన్నిటికంటే ముందు రేడియేటర్. మన దగ్గర ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గితే బోరు నీళ్లో కాలవ నీళ్లో పోసి మూత బిగించేస్తారు. ఇక్కడైతే తుప్పుతో పోతుంది. అక్కడ రాత్రికి రాత్రి ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బి రేడియేటర్ పగులుతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే చీలుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. కూలెంట్ మూడో వంతే ఉంటే మైనస్ 17, 18 దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. అలాగని నీళ్లు కలపకుండా చిక్కటిదే పోసేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. డబ్బా మీద ‘ప్రీమిక్స్’ అని ఉంటే నీళ్లు కలిపే ఉన్నాయని అర్థం, మళ్లీ కలపకూడదు. పాతది దించి కడిగినా కారు లోపలికి వేడి పంపే హీటర్ కోర్‌లో, బ్లాకులో కొంత నీరు మిగిలి కొత్తదాన్ని పలచన చేస్తుంది. కాబట్టి హీటర్ ఫుల్లులో పెట్టి ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, కూలెంట్‌లోని గాలి బుడగలు పోయి చల్లారాక, ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి చూపించమనాలి. లెక్క ప్రకారం పోశామన్న మాట చాలదు.

డీజిల్ బండ్లకు ఇంకో చిక్కుంది. డిసెంబరు తెల్లవారుజామున కొబ్బరినూనె పేరుకున్నట్టే డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. బండి స్టార్టవుతుంది, లైన్లో ఉన్న డీజిల్ అయిపోగానే ఆగిపోతుంది. అసలు సంగతి తెలియక సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీని కూడా చంపుకుంటారు. మైనస్ 33 దాకా పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్ కోసం తెచ్చింది. దారిపొడుగునా మనం పోయించుకునేది అది కాదు. డీజిల్ పేరుకోకుండా ఆపే యాంటీజెల్ మందును డీజిల్ పారుతున్నప్పుడే, సిమ్లా తర్వాత వచ్చే రాంపూర్ దాటకముందే ట్యాంకులో పోయాలి. పేరుకున్నాక పోస్తే కరిగించదు. లారీల పాత అలవాటుతో కిరోసిన్ కలపొద్దు. ఇప్పటి డీజిల్ బండ్లలోని కామన్ రైల్ పంపుకు, ఇంజెక్టర్లకు డీజిల్ జిడ్డే ఆధారం, అది తగ్గితే అరిగిపోతాయి. ట్యాంకు కింద మంట పెట్టడం మరీ ప్రమాదం, ఇప్పటి ట్యాంకులు చాలావరకు ప్లాస్టిక్‌వి. బయల్దేరే ముందు ఫిల్టర్‌లోని నీళ్లు వదిలించి, ఒక కొత్త ఫిల్టర్ డిక్కీలో పెట్టుకోండి. పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం యాడ్‌బ్లూ వాడే బండైతే ఆ ట్యాంకు అంచుదాకా నింపొద్దు. అది మైనస్ 11 దగ్గర గడ్డకట్టి ఉబ్బుతుంది.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద ‘డబ్ల్యూ’ ముందున్న అంకె చూడండి. 20డబ్ల్యూ ఆయిల్‌ను చలిలో పరీక్షించేది మైనస్ 15 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర. మాన్యువల్ ఒప్పుకుంటే 5డబ్ల్యూ పోయించడం మేలు. మైనస్ 18లో బ్యాటరీకి స్టార్ట్ చేసే శక్తి దాదాపు సగం పోతుంది, కాబట్టి మూడేళ్లు దాటినదాన్ని ఇక్కడే మార్చేయండి. వైపర్ ట్యాంకులో కుళాయి నీళ్లు ఉండకూడదు.

చలికి టైర్లలో గాలి ప్రతి 5, 6 డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున తగ్గుతుంది. ఇక్కడ పెట్టించిన గాలినే అక్కడ నమ్ముకోవద్దు. చల్లగా ఉన్నప్పుడే కొలిచి మళ్లీ కొట్టించాలి. మంచు మీద జారకుండా టైర్లకు చుట్టే గొలుసులు ఇంజిన్ తిప్పే చక్రాలకే వేయాలి, మన చిన్న కార్లలో చాలావాటికి అవి ముందు చక్రాలు. వేయడం ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకోండి. రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేస్తే చలికి గడ్డకట్టి పట్టేసుకుంటుంది. గేర్‌లో పెట్టి చక్రానికి రాయి అడ్డం వేస్తే చాలు.

మనాలి వైపు దారి దగ్గరే గానీ కుంజుం కనుమ శీతాకాలమంతా మూసే ఉంటుంది. సిమ్లా, రాంపూర్, నాకో, తాబో మీదుగానే వెళ్లాలి, అదీ మంచు పడితే ఆగుతుంది. రాంపూర్ దాటాక పొవారీలో ట్యాంకు నింపాక మళ్లీ బంకు కాజాలోనే అనుకోండి. కొండవాగుల నీరు రోడ్డు మీద పల్చగా గడ్డకట్టి తారులాగే కనిపిస్తుంది. పొద్దుటి పూట, మధ్యాహ్నం మూడు దాటాక దాని మీద బ్రేకు పనిచేయదు.

దారిలో ఇరుక్కుపోతే ఇంజిన్ ఆన్‌లో ఉంచి కారులో నిద్రపోవద్దు. పొగ గొట్టం మంచులో కూరుకుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసనుండదు. దిగి గొట్టం చుట్టూ మంచు తీసి, అద్దం కాస్త దించి, పది నిమిషాలు హీటర్ వేసి ఆపేయాలి.

రాజమహేంద్రవరం, కాకినాడల్లో సెల్ఫ్ డ్రైవ్ కార్లు అద్దెకిచ్చేవారు బండి ఎటు వెళ్తోందో అడిగి, ఉత్తరాదికైతే కూలెంట్ ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందో కొలిచి రసీదు మీద రాసివ్వాలి. ఇలాంటి వ్యాసం ఈసారి వేసేటప్పుడు ఆ ఒక్క అంకె అడిగి తీసుకోమని మీరూ రాయండి.

— ఇద్దరు కార్ల మెకానిక్కులు, రావులపాలెం