మందుల ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

ఒంటి వేడికి గడ్డకట్టే కొత్త రకం జెల్ మందుల గురించి ఈ మధ్య పత్రికల్లో తరచూ వస్తోంది. చదివి సంతోషించాను. కానీ ప్రభుత్వాసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కదా, నాకు ముందు వచ్చిన అనుమానం వేరే. ఇలాంటి మందు మే నెలలో వరంగల్‌లో బయల్దేరి ఏటూరునాగారం చేరేసరికి ఏ రూపంలో ఉంటుంది?

ఈ జెల్‌ల గుణం మన నెయ్యికి సరిగ్గా ఉల్టా. నెయ్యి చలికి పేరుకుని వేడికి కరుగుతుంది. పొలాక్సమర్ 407 అనే పాలిమర్‌ను (గొలుసుల్లాంటి పొడవాటి అణువులుండే పదార్థాన్ని) తగిన పాళ్లలో నీళ్లలో కలిపితే ఫ్రిజ్‌లో పలచగా ఉండి, వెచ్చబడేకొద్దీ పేరుకుంటుంది. ఎం.ఫార్మసీ పిల్లలు దీంతో ప్రాజెక్టులు చేస్తూనే ఉంటారు. పరీక్ష చాలా తేలిక. టెస్ట్‌ట్యూబును నీళ్ల తొట్టిలో పెట్టి, నీటి వేడిని కొంచెం కొంచెం పెంచుతూ, మధ్యమధ్య తీసి వంచి చూడటమే. ద్రవం జారకుండా అడుగునే నిలిచిపోయిందంటే ఆ వేడి దగ్గర జెల్ అయినట్టు. పాలిమర్ కాస్త ఎక్కువ పడితే గది వేడికే గడ్డకడుతుంది, తక్కువైతే ఒంట్లోకి వెళ్లినా పలచగానే ఉండిపోతుంది. ఆ పాళ్లు కుదర్చడంలోనే ఉంది పనితనమంతా.

వీటి ఉపయోగం చిన్నది కాదు. మూత్రపిండం లోపలి గొట్టాల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు మందు ఎక్కిస్తే మూత్రంతో పాటు వెంటనే కొట్టుకుపోయేది. జెల్మైటో అనే మందును చల్లబరచి పలచగా ఎక్కిస్తారు, లోపల అది జెల్‌గా మారి కొన్ని గంటలు అక్కడే పట్టుకుని ఉంటుంది. అమెరికాలో దీనికి 2020లో అనుమతి వచ్చింది. జపాన్ వాళ్లు ఇంకో దారి తొక్కారు. 32 డిగ్రీల దగ్గర గుణం మార్చుకునే పాలిమర్‌ను ప్లాస్టిక్ పళ్లెంలాంటి పాత్రకు పూతగా పూసి, దాని మీద రోగి బుగ్గ లోపలి కణాలను పెంచారు. వేడి తగ్గించగానే ఆ కణాల పొర చిరగకుండా లేచి వచ్చింది. దాన్ని కంటి నల్లగుడ్డు మీద కుట్లు లేకుండా అతికించారు. 2004లో ప్రచురించిన ఆ నివేదికలో నలుగురు రోగులకూ చూపు మెరుగైంది.

వీటన్నిటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఓటిప్రియో అనే చెవి మందు. పిల్లల చెవి ఆపరేషన్లలో డాక్టర్లు వాడటానికి 2015లో అమెరికాలో అనుమతించారు. సీసాను ఊపేటప్పుడు గాజును పట్టుకోవద్దు, పైన ఉన్న అల్యూమినియం మూత దగ్గర పట్టుకోండి అని దాని వాడకం సూచనల్లోనే ఉంది. చేతి వేడికే మందు పేరుకుంటుందని భయం! మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలే. రామగుండం సంగతి చెప్పనే అక్కర్లేదు. రేకుల కప్పు కింద, ఆటో వెనక సీటు మీద, బస్సు డిక్కీలో ఆ సీసా ఏమవుతుందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే కరుగుతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. జెల్ వరకు నిజమే, కరుగుతుంది. ఎండకు దెబ్బతిన్న మందు మాత్రం బాగుపడదు. ఆ మాటకొస్తే జెల్ నయం, పేరుకుని తన సంగతి బయటపెట్టేస్తుంది. ఇన్సులిన్ అలా చెప్పదు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ కూడా అంతే. రెండూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సినవి. వేడికి బలం తగ్గినా చాలాసార్లు చూడటానికి తేటగానే ఉంటాయి. ఇంజక్షన్ వేసుకున్నా షుగర్ దిగడం లేదంటే తప్పు మనిషి తిండి మీదికి పోతుంది తప్ప సీసా మీదికి పోదు.

మా జిల్లాలో ఒక మందుల షాపులో కళ్లారా చూశాను. ఫ్రిజ్ కింది అరల నిండా కూల్‌డ్రింకులు, తలుపు అరలో ఇన్సులిన్ పెట్టెలు. బేరం వచ్చిన ప్రతిసారీ తలుపు తీయడం, వేయడం. రాత్రి షట్టర్ దించేటప్పుడు కరెంటు బిల్లు తగ్గుతుందని మెయిన్ కట్టేసి ఇంటికి పోవడం! అడిగితే "పొద్దున వచ్చి ఆన్ చేస్తం కదా సార్" అన్నాడు. అతన్ని ఒక్కణ్ణే అని ఏం లాభం, అడిగే నాథుడు లేనప్పుడు ఎవరైనా అంతే.

అడిగే పద్ధతి మనకు తెలియనిదేం కాదు. టీకాల విషయంలో ఎప్పటినుంచో చేస్తున్నాం. పీహెచ్‌సీల్లో టీకాల ఫ్రిజ్‌కు థర్మామీటరు ఉంటుంది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి రిజిస్టర్‌లో రాయాలి. పోలియో చుక్కల సీసా మీద రంగు మారే గుర్తు ఉంటుంది, ముదిరితే ఏఎన్‌ఎం పక్కన పడేస్తుంది. అదే ఆవరణలో రెండు గోడల అవతల ఉండే మందుల గదికి మాత్రం కిటికీ, ఫ్యానే దిక్కు. ఇదేం లెక్కో నాకు సర్వీసులో ఉన్నప్పుడూ అర్థం కాలేదు.

కాబట్టి ఔషధ నియంత్రణ అధికారులను, వైద్యారోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరేది ఇదే. ప్రతి మందుల షాపు, ప్రతి ప్రభుత్వ ఫార్మసీ ఫ్రిజ్‌లో థర్మామీటరు, పక్కన రిజిస్టర్ ఉండాలి. అదేమంత ఖర్చు కాదు. జిల్లా మందుల గోదాము నుంచి ములుగు, భూపాలపల్లి వైపు పోయే బండ్లలో ఫ్రిజ్ మందులను ఐస్ ప్యాకులున్న పెట్టెల్లోనే పంపాలి. ఇన్సులిన్ కొనేవాళ్లకు దారిలో ఎలా పట్టుకుపోవాలో షాపువాళ్లు చెప్పి ఇవ్వాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లోనే రావాలి. లైసెన్సు, బిల్లు పుస్తకాలు చూసినట్టే ఫ్రిజ్ తెరిచి ముల్లు ఎక్కడుందో చూడాలి. రాత్రి షట్టర్ దించాక ఆ ఫ్రిజ్ ప్లగ్గు ఎక్కడుంటుందో కూడా అడగాలి.

– ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు, హనుమకొండ